బ్రిటన్‌లో ఓటున్న మన తెలుగువాళ్లకు, కర్నూలు నుంచి

నమస్కారం.

లండన్, రెడింగ్, బర్మింగ్‌హామ్, గ్లాస్గో... మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే, అక్కడ వీసాతో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు కామన్వెల్త్ దేశస్థులుగా పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. పాస్‌పోర్టు మార్చుకోకపోయినా ఓటేయొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలిసినవాళ్లలోనూ కొందరు మనకెందుకులే అని పేరే నమోదు చేయించుకోరు. మీకు ఆ ఓటుందన్న ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరుంటున్న దేశానికి ఇదీ మా రాజ్యాంగం అని చూపించే ఒక్క పుస్తకం లేదు. 1215 నాటి మాగ్నా కార్టా, 1689 నాటి హక్కుల బిల్లు, 1911 నాటి పార్లమెంటు చట్టం, 1998 నాటి మానవ హక్కుల చట్టం, కొన్ని కోర్టు తీర్పులు, వీటికి తోడు ఎక్కడా చట్టంగా రాయని బోలెడన్ని ఆనవాయితీలు, అంతా కలిపి రాజ్యాంగం అంటారు. ఇవన్నీ ఒకచోటికి తెచ్చి రాసుకోవాలా వద్దా అన్న చర్చ అక్కడ ఏళ్ల తరబడి సాగుతోంది. రాసుకోవాలి అనేవాళ్ల వైపు మీరు నిలబడాలని నా కోరిక. అయితే ఒక షరతు ఉంది. ఆ షరతు చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం.

నేను కర్నూలు కోర్టులో సివిల్ వైపు ప్రాక్టీసు చేసే లాయర్ని. "మన ఊరి నుంచి రాజధాని పోయి డెబ్బై ఏళ్లు, హైకోర్టు కోసం ఇంకా ధర్నాలు చేస్తున్నాం, నీకు లండన్ గొడవ ఎందుకయ్యా" అని తోటి లాయర్లు అననే అన్నారు. అందుకే కదా రాస్తున్నది! ఇచ్చిన మాట ఎంతకాలం నిలుస్తుంది అన్న విషయం మీద రాయలసీమకు ఉన్నంత అనుభవం తక్కువ ప్రాంతాలకు ఉంటుంది. సంతకాలు పెట్టిన ఒప్పందం, సభలో ఇచ్చిన హామీ, మామూలు చట్టం, రాజ్యాంగంలో ఆర్టికల్, ఈ నాలుగు రకాలూ మేం చూశాం. నాలుగింటిలో నిలిచింది ఒక్కటే.

మొదటిది మీరు చిన్నప్పటి నుంచి వింటున్నదే. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చున్నారు. ఆ ఇంటి పేరు శ్రీబాగ్. సీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు లాంటి పెద్దలు ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే కోస్తావాళ్ల పెత్తనం కింద పడతామేమో అన్నది వీళ్ల అనుమానం. ఆ అనుమానం తీరడానికి షరతులు రాసుకున్నారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమకూ నెల్లూరుకూ ముందు చూడాలి. శాసనసభలో జిల్లాల లెక్కన సమానంగా సీట్లుండాలి. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. కాగితం మీద రాశారు, సంతకాలు పెట్టారు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరులో పెట్టారు. అప్పటికి మాట నిలిచినట్టే లెక్క. 1956 నవంబరు 1న రాజధానీ హైకోర్టూ రెండూ హైదరాబాదు వెళ్లిపోయాయి. విశాలాంధ్ర కావాలని అందరూ ఊగిపోతున్న రోజులవి, శ్రీబాగ్ గుర్తుచేసినవాడు చాదస్తుడి కింద లెక్క. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టంలో గానీ, 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో గానీ ఆ షరతులకు చోటు దొరకలేదు. చట్టంలో లేనిదాన్ని పట్టుకుని ఏ కోర్టుకెక్కుతాం?

ఇలాంటి కేసులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అన్నదమ్ములు ఊరి పెద్దల ముందు పొలం పంచుకుంటారు. తెల్లకాగితం మీద రాసుకుని సంతకాలు, వేలిముద్రలు వేస్తారు. రిజిస్ట్రేషను ఖర్చు దండగ అని ఊరుకుంటారు. పొలం పక్కన హైవే పడేదాకా ఆ కాగితాన్ని అందరూ గౌరవిస్తారు. ధర పెరిగాక పెద్దాయన వస్తాడు, "సంతకం నాదే, కాదన్నానా? ఇప్పుడు ఏం చేస్తావో చేసుకో" అంటాడు. శ్రీబాగ్ ఆ తెల్లకాగితమే.

మేం మోసపోయామని మాత్రమే చెప్పి ఊరుకుంటే అబద్ధమవుతుంది. 1956 ఫిబ్రవరి 20న తెలంగాణ నాయకులతో చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవాడు కావాలని ఉంది. దాని మీద సంతకం చేసినవాళ్లలో మా అనంతపురం జిల్లా ఇల్లూరు నీలం సంజీవరెడ్డి గారు ఒకరు. ఆయనే మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మొదటి మంత్రివర్గంలో తెలంగాణకు ఉపముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదు. కోర్టు అడగలేదు, అడిగే వీలూ లేదు. బలం ఎటువైపు ఉంటే అటువైపు వాళ్లు ఒప్పందాన్ని మరిచిపోతారు. ఇందులో ఫలానా ప్రాంతంవాళ్లు మంచివాళ్లు, ఫలానావాళ్లు చెడ్డవాళ్లు అని ఏమీ లేదు.

రెండో రకం, సభలో హామీ. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో నాటి ప్రధాని మన్మోహన్‌సింగ్ గారు విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ప్రకటించారు. అంతా టీవీలో చూశాం. విభజన చట్టం తెరిచి చూస్తే ఆ హామీ అందులో లేదు. తర్వాతి కథ మీకు తెలుసు, హోదా పోయి ప్యాకేజీ అన్నారు. మూడోది, మామూలు చట్టం. 2020లో కర్నూలుకు హైకోర్టు వస్తుందని వికేంద్రీకరణ చట్టం చేశారు, 2021 నవంబరులో అదే సభ, అదే మెజారిటీ, ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను దిగను, దిగితే ఈ ఉత్తరం సగంలోనే మీరు రెండు వర్గాలైపోతారు. చెప్పొచ్చేదేమిటంటే, మామూలు మెజారిటీతో వచ్చింది మామూలు మెజారిటీతోనే పోతుంది.

ఇక నాలుగోది. 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో ముల్కీ తీర్పు (తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికులకే చోటన్న పాత నియమాలు చెల్లుతాయని), వెంటనే జై ఆంధ్ర ఉద్యమం, ఇంత జరిగాక 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ఈసారి దాన్ని పెద్దమనుషుల మంచితనానికి వదిలేయలేదు. 32వ సవరణ చేసి 371-డి ఆర్టికల్‌గా రాజ్యాంగంలో పెట్టారు. దాని కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారమే కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకు, ఉద్యోగాల్లో జోన్లు. అప్పుడు మా సీమ జిల్లాలను నాలుగో జోనులో పెట్టారు.

మీలో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్లినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చదివిన ప్రతి స్కూలుకూ తిరిగి స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. హెడ్మాస్టరు సంతకం, గుండ్రటి సీలు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఏ తరగతి. ఒక ఏడాది తేడా వస్తే వెరిఫికేషన్ టేబుల్ దగ్గర టెన్షన్. నాన్నకు బళ్లారి ట్రాన్స్‌ఫరైన ఏడాది లెక్కలోకి వస్తుందా రాదా అని తగువు. ఆ సర్టిఫికెట్లన్నీ చూశాక మీ పేరు పక్కన ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం) లోకల్ అని పడింది. నాయకుల దయ మీదే వదిలేసి ఉంటే ఆ రెండు మాటలు ఎప్పుడో చెరిగిపోయేవి. రాష్ట్రాన్నే రెండు ముక్కలు చేసిన 2014లో కూడా ఆ ఆర్టికల్‌ను తీసేయలేదు, తెలంగాణ పేరు కూడా చేర్చి రెండు రాష్ట్రాలకూ ఉంచారు. అది లోకల్, నాన్‌లోకల్ తగాదాలు పెంచిందా? పెంచింది. ఉల్లంఘనలు జరిగాయా? బోలెడు. కానీ ఉల్లంఘన జరిగితే పట్టుకెళ్లడానికి ఒక కోర్టు ఉంది. శ్రీబాగ్‌కు లేనిది అదే.

ఇప్పుడు మీ ఊరి సంగతికొద్దాం. 1998 జులైలో, స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు ఇచ్చే చట్టం మీద చర్చ జరుగుతుండగా, హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ సూయెల్ అనే మంత్రి ఒక మాటన్నాడు. స్కాట్లాండ్‌కు అప్పగించిన విషయాల మీద, అక్కడి పార్లమెంటు ఒప్పుకోకుండా లండన్ సాధారణంగా చట్టం చేయదు అని. పెద్దల సభలో హామీ! మనకు బాగా తెలిసిన సరుకే. అది సూయెల్ ఆనవాయితీ అయింది. స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అన్న 2014 రెఫరెండం తర్వాత దాన్ని 2016 స్కాట్లాండ్ చట్టంలో కూడా రాశారు, కానీ "సాధారణంగా" అన్న మాటతో సహా రాశారు. 2017 జనవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఇది రాజకీయ ఆనవాయితీ, దీన్ని అమలు చేయించడం కోర్టుల పని కాదు అని. 2020 జనవరిలో యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకునే ఒప్పందం బిల్లుకు స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ మూడూ సమ్మతి ఇవ్వలేదు. అయినా లండన్‌లో బిల్లు పాసైంది. 2014 జనవరిలో మన అసెంబ్లీ విభజన బిల్లును తిప్పికొట్టినప్పుడు ఢిల్లీ ఏం చేసిందో గుర్తుందా? అక్కడా అంతే.

గ్లాస్గోలో ఉండే మన పిల్లలు స్కాట్లాండ్ వాళ్ల కోపాన్ని వింతగా చూస్తారని విన్నాను. సీమలో పుట్టినవాళ్లకు అందులో వింతేముంది?

సరే, మా బాధ వేరు మీ బాధ వేరు అనుకుందాం. మీ ఓటు సంగతే తీసుకోండి. మన దేశంలో ఓటు హక్కు ఆర్టికల్ 326లో ఉంది. అక్కడ కామన్వెల్త్ పౌరులకు ఓటుండడం 1983 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని మాట. పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు దాన్ని తీసేయడానికి. ఆ మెజారిటీ ఎంత సులువుగా వస్తుందంటే, 2024లో లేబర్ పార్టీకి దాదాపు 34 శాతం ఓట్లకే 650లో 411 సీట్లొచ్చాయి. ఏ పార్టీకైనా ఇదే లెక్క. ఇవాళ మీకు నచ్చిన పార్టీకి రావచ్చు, రేపు మిమ్మల్ని వెళ్లిపొమ్మనే పార్టీకి రావచ్చు.

హైలీ స్కిల్డ్ మైగ్రంట్ ప్రోగ్రాం అనే వీసా పథకం కింద వెళ్లిన డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు మీ పాతతరంలో ఉంటారు. 2006లో ప్రభుత్వం మధ్యలో నియమాలు మార్చింది. శాశ్వత నివాసానికి నాలుగేళ్లన్నది అయిదేళ్లయింది, వీసా పొడిగింపునకు కొత్త పాయింట్లు పెట్టారు. అప్పటికే ఉద్యోగాలు వదులుకుని, ఇళ్లు అమ్ముకుని వెళ్లినవాళ్లు కోర్టుకెక్కారు. 2008లో ఒకటి, 2009లో ఒకటి, రెండు కేసుల్లోనూ హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మాటిచ్చి పిలిచాక మార్చడం అన్యాయం అంది. ఇది వినగానే "చూశారా, రాజ్యాంగం లేకపోయినా న్యాయం జరిగింది" అనేవాళ్లుంటారు. జరిగింది, ఎందుకంటే అవి మంత్రిత్వశాఖ నియమాలు. అదే మార్పును పార్లమెంటు చట్టంగా చేసి ఉంటే ఆ జడ్జి చేతులు కట్టేసినట్టే. బ్రిటన్‌లో పార్లమెంటు చేసిన చట్టాన్ని కోర్టు కొట్టేయలేదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు, శరణార్థులను పంపడానికి రువాండా సురక్షితం కాదని తేల్చింది. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు, రువాండా సురక్షితమే, కోర్టులు కూడా అలాగే అనుకోవాలి అని చట్టం చేసింది. నాకు ఈ వృత్తిలో ఇంత సూటిగా సాక్ష్యాన్ని కొట్టేసిన చట్టం ఎక్కడా తగల్లేదు.

లేనిపోని ఆశలు మీకు పెట్టను. రాజ్యాంగం రాసుకున్నంత మాత్రాన వీసా నియమాలు మారకుండా ఆగవు. శాశ్వత నివాసానికి అయిదేళ్లను పదేళ్లు చేస్తామని 2025 మేలో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. రాసిన రాజ్యాంగం ఉన్నా అలాంటి ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి. ఓటు, విచారణ లేకుండా జైల్లో పెట్టకూడదన్న హక్కు, కోర్టుకు వెళ్లే హక్కు, పార్లమెంటు సమావేశాలు, ఇలాంటి మూలమైన వాటి గురించే నేను చెబుతున్నది. 2019లో బోరిస్ జాన్సన్ రాణికి సలహా ఇచ్చి పార్లమెంటును అయిదు వారాలు మూసేస్తే, అది చెల్లదని పదకొండుమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పాల్సి వచ్చింది. చెప్పడానికి వాళ్లకు రాసిన నిబంధన లేదు, పాత సూత్రాలన్నీ కూడదీసి చెప్పారు. మన ఆర్టికల్ 85లో రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదని ఒక్క వాక్యం ఉంది. జూనియర్ లాయరు కూడా చదివి చెప్పగలడు.

ఇంకో చిత్రం. 1653లో, క్రామ్‌వెల్ కాలంలో, ఇంగ్లండుకు రాసిన రాజ్యాంగం ఉండేది, నాలుగేళ్లే బతికింది. క్రామ్‌వెల్ కాలం దాటాక తమకు రాసుకోలేదు గానీ మనకు మాత్రం 1935లో మూడొందల సెక్షన్లకు పైగా ఉన్న చట్టం రాసిపెట్టారు. అప్పటికి వాళ్ల పార్లమెంటు చేసిన చట్టాల్లో అదే పొడుగైనది. మన రాజ్యాంగంలో దాని ఆనవాళ్లు ప్రతి పేజీలో కనిపిస్తాయి.

ఇప్పుడు నా షరతు. 2014లో హౌస్ ఆఫ్ కామన్స్ కమిటీ ఒకటి ఈ విషయం మీద మూడు నమూనాలు తయారుచేసింది. మొదటిది, ఆనవాయితీలన్నీ ఒకచోట రాసుకోవడం, చట్టబలం ఉండదు. రెండోది, చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒక మామూలు చట్టంగా కూర్చడం. మూడోది, అసలైన రాజ్యాంగం, సవరించడానికి వేరే పద్ధతితో. 2015 ఎన్నికల తర్వాత ఆ కమిటీనే మళ్లీ వేయలేదు. ఈ చర్చ మళ్లీ లేచినప్పుడల్లా, రాజీ పేరుతో మొదటిదో రెండోదో మీ ముందు పెడతారు. ఒప్పుకోకండి. మొదటిది శ్రీబాగ్. రెండోది మేం ఏడాదిన్నరలో వచ్చి పోవడం చూసిన 2020 చట్టం. 371-డి లాంటిది మూడోదొక్కటే.

ఆ మూడోదానికీ లోపాలున్నాయి. ఎమర్జెన్సీ రాజ్యాంగం ప్రకారమే వచ్చింది. 1976లో 42వ సవరణతో లోక్‌సభ తన పదవీకాలాన్ని ఆరేళ్లు చేసుకుంది, మూడింట రెండొంతుల బలం ఒకే పార్టీ చేతిలో ఉంది కనుక. అక్రమంగా నిర్బంధిస్తే కోర్టుకు వెళ్లే హక్కు కూడా లేదని అదే ఏడాది సుప్రీంకోర్టు 4-1తో చెప్పింది. కాదన్న ఒక్కడు జస్టిస్ ఖన్నా. 44వ సవరణతో చాలా సరిదిద్దారు, సరిదిద్దాల్సిన పరిస్థితి వచ్చిందన్నదీ నిజమే. ఆర్టికల్ 3 కూడా మన రాజ్యాంగంలోనిదే. విభజన బిల్లును అసెంబ్లీ అభిప్రాయానికి పంపమందే తప్ప ఒప్పుకోవాలనలేదు. స్కాట్లాండ్ విషయంలో ఆ ఒక్క ఆర్టికల్‌ను మాత్రం కాపీ కొట్టొద్దని చెప్పండి.

రాతలో పట్టనివీ ఉంటాయి. 1979 ఆగస్టులో నాటి ప్రధాని చరణ్‌సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, సభ రద్దు చేయమన్నారు. నాకు బలముందని జనతా పార్టీ నాయకుడు జగ్జీవన్‌రామ్ అన్నారు. రాష్ట్రపతి మన సంజీవరెడ్డి గారే. రాజ్యాంగ సభలో కూర్చున్నవాడు, ప్రతి పదం తెలిసినవాడు. ఆర్టికల్ 75లో ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారని ఉందే కానీ ఇలాంటప్పుడు ఎవర్ని పిలవాలో లేదు. ఆయన సభను రద్దు చేశారు. జగ్జీవన్‌రామ్‌కు అవకాశం ఇవ్వాల్సిందని అనంతపురంలో టీ బంకుల దగ్గర కూడా వాదించుకున్నారు. నా మటుకు నాకు ఆయన తొందరపడ్డారనే అనిపిస్తుంది.

జడ్జీల పెత్తనం పెరుగుతుందన్నది చివరి అభ్యంతరం. పెరుగుతుంది. రాజ్యాంగ మూల స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని 1973లో కేశవానంద భారతి కేసులో తేలింది 7-6తో, అంటే ఒక్క జడ్జి తేడాతో. నేను లాయర్ని కాబట్టి నాకిది లాభమే అని మీరు నవ్వుకోవచ్చు. అయినా కర్నూలు నుంచి చూస్తే, మెజారిటీ లేనివాడికి మిగిలేది ఆ కోర్టు మెట్లే.

మీ ఇంటి తలుపు తట్టి కరపత్రం ఇచ్చే అభ్యర్థిని రెండే అడగండి. రాసిన రాజ్యాంగానికి మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే, దాన్ని మార్చడానికి వెస్ట్‌మినిస్టర్ (లండన్ పార్లమెంటు) మెజారిటీతో పాటు ఇంకెవరి సమ్మతి కావాలంటారు? మన ఆర్టికల్ 368లో, రాష్ట్రాల అధికారాలకు సంబంధించిన సవరణలకు సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలని ఉంది. మొదటి ప్రశ్నకు చాలామంది నవ్వుతూ అవునంటారు. రెండోదానికి నీళ్లు నమిలితే, అదే ప్రశ్నను ఉత్తరంగా రాసి గెలిచిన ఎంపీకి పంపండి. నియోజకవర్గంలో ఉండేవాళ్లు చిరునామాతో రాస్తే అక్కడి ఎంపీలు జవాబివ్వడం ఆనవాయితీ. వీటన్నిటికంటే ముందు, ఓటరు జాబితాలో మీ పేరుందో లేదో ఈ వారంలోనే చూసుకోండి.

ఇట్లు,
కర్నూలు నుంచి ఒక లాయరు